ఇన్వర్టర్ బ్యాటరీకి నల్లా నీళ్ళా, డిస్టిల్డ్ వాటరా? ఎంచుకోవడం నుంచి మూత బిగించేదాకా

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వస్తుంది. బ్యాటరీల నీళ్ళు అయిపోయినయట. నల్లా నీళ్ళు పోయనా? బోరువి కాదు, మంజీరా నీళ్ళే" అంది. నేను పైకెళ్ళేసరికి ఒక మూత ఊడదీసి పక్కన పెట్టి ఉంది. అక్క చేతిలో స్టీలు చెంబు ఉంది. ఇంకో నిమిషం ఆలస్యమైతే పోసేసేదే.

మంజీరా నది నుంచి మా హైదరాబాద్ నల్లాలకు వచ్చే ఈ నీళ్ళు తాగడానికి బాగుంటాయి, టీకి ఇంకా బాగుంటాయి. బ్యాటరీకి మాత్రం వద్దు. ఎందుకు వద్దో అక్కకు అక్కడే నిలబడి సగం చెప్పాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ సంగతి నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. నిజాంపేటలో అద్దెకున్నప్పుడు కొత్త 150 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే బ్యాటరీ దాచుకోగల కరెంటు కొలత) ట్యూబ్యులర్ రకం ఇన్వర్టర్ బ్యాటరీ కొని, ఏడాదిన్నర పాటు బోరు నీళ్ళే పోశాను. మూడు గంటలు వచ్చే బ్యాకప్ రెండేళ్ళు తిరక్కముందే ముప్పావు గంటకు పడిపోయింది. మెకానిక్ వచ్చి మూత తీసి టార్చి వేసి చూశాడు. "ఏం నీళ్ళు పోసిన్రు సార్?" అన్నాడు. చెప్పాను. ఆ తర్వాత ఇంకేం అడగకుండా, పాత బ్యాటరీకి ఎంత ఇస్తాడో చెప్పాడు. తప్పంతా నీళ్ళదేనని ఒట్టేసి చెప్పను. ప్లేట్లు బయటపడేదాకా మూత తెరిచి చూడకపోవడం కూడా నా నిర్వాకమే.

అసలు నీళ్ళు ఎటు పోతాయి?

లెడ్-యాసిడ్ బ్యాటరీ అంటే సీసం ప్లేట్లు, సీసం డయాక్సైడ్ ప్లేట్లు, వాటి మధ్య నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. 1859లో ఫ్రాన్స్‌లో గాస్తాన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే, ఇప్పటికీ మన మెట్ల కింద కూర్చుని ఫ్యాన్లు తిప్పుతోంది. ఛార్జింగ్ దాదాపు పూర్తయి ఒక్కో సెల్ (బ్యాటరీ లోపలి ఒక్కో గది) వోల్టేజీ 2.4 దగ్గరికి వచ్చాక, లోపలికి వెళ్ళే కరెంటులో కొంత భాగం నీళ్ళను హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. చెవి దగ్గర పెడితే సన్నగా బుసబుసమని వినిపించేది అదే. ఇలా గ్యాస్ అయిపోయే ప్రతి 3 యాంపియర్-అవర్ల కరెంటుకు ఒక్కో సెల్‌లో సుమారు 1 మిల్లీలీటరు నీళ్ళు ఖర్చవుతాయి. 12 వోల్టుల బ్యాటరీలో సెల్స్ ఆరు. ఎండాకాలం వేడికి ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది.

పోయేది నీళ్ళు ఒక్కటే. యాసిడ్ పోదు, నీళ్ళలో కలిసి వచ్చిన ఉప్పులూ పోవు. పులుసు మరిగి చిక్కబడుతున్నప్పుడల్లా ఉప్పు కలిసిన నీళ్ళే పోస్తూ పోయారనుకోండి. గిన్నెలో నీళ్ళ మట్టం ఎప్పటిలాగే ఉంటుంది, నాలుగోసారికి పులుసు నోట్లో పెట్టలేం. బ్యాటరీలోనూ ఇదే జరుగుతుంది.

లెక్క కట్టి చూద్దాం. పెద్ద ట్యూబ్యులర్ బ్యాటరీ ఏడాదికి 6 లీటర్లు తాగుతుందనుకోండి. మీ బోరు నీళ్ళ టీడీఎస్, అంటే లీటరు నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు మిల్లీగ్రాముల్లో, 1000 అనుకోండి. లీటరుకు ఒక గ్రామన్నమాట. ఏడాదికి 6 గ్రాములు, నాలుగేళ్ళకు 24 గ్రాములు. టీ చెంచాతో కొలిస్తే నాలుగైదు చెంచాల ఉప్పులు బ్యాటరీలోకి చేరాయి. టీడీఎస్ 300 ఉన్న నల్లా నీళ్ళతో అయితే చెంచాన్నర. ఒక్కసారి పోస్తే ఏమీ కాకపోవడానికీ, నాలుగేళ్ళు పోస్తే బ్యాటరీ చావడానికీ కారణం ఇదే. "మా మామయ్య పదేళ్ళ నుంచి నల్లా నీళ్ళే పోస్తున్నాడు, ఏం కాలేదు" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ మామయ్యగారి ఇంటికి వెళ్ళి బ్యాకప్ ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూడాలి.

ఏ ఉప్పు ఏం చేస్తుంది?

అన్నీ ఒకేలా చెడు చేయవు. అందుకే ఒట్టి టీడీఎస్ నంబరు చూసి తీర్పు చెప్పలేం.

ఇనుము అన్నిటికంటే దొంగ. పాజిటివ్ ప్లేటు దగ్గర ఒక రూపంలోకి మారి, నెగటివ్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ పాత రూపంలోకి వస్తుంది. సికింద్రాబాద్, చార్మినార్ మధ్య తిరిగే సిటీ బస్సులా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ప్రతి ట్రిప్పుకూ కాస్త ఛార్జ్ మోసుకుపోతుంది. ఇన్వర్టర్ వాడకపోయినా బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. బకెట్ అడుగున తుప్పు రంగు చార వచ్చే బోరు ఉంటే ఆ నీళ్ళు బ్యాటరీ దగ్గరికి కూడా తీసుకెళ్ళకండి.

క్లోరైడ్ పాజిటివ్ ప్లేటు లోపలి సీసం జాలీని తినేస్తుంది. నల్లా నీళ్ళలో క్లోరిన్ వాసన రాత్రంతా మూత లేకుండా ఉంచితే పోతుంది, క్లోరైడ్ పోదు. ఈ రెండూ ఒకటేననుకుని "రాత్రి పట్టి పెట్టిన నీళ్ళు" పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కాల్షియం యాసిడ్‌తో కలిసి కాల్షియం సల్ఫేట్ అవుతుంది, అంటే జిప్సమే. అది పెద్దగా కరగదు, తెల్లగా పేరుకుంటుంది. గీజర్ రాడ్డు మీద, బాత్రూం షవర్ రంధ్రాల్లో కనిపించే తెల్ల గట్టికి దగ్గరి చుట్టం. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. వందల అడుగుల లోతు నుంచి తోడే బోరు నీళ్ళలో కాఠిన్యం ఎంతుంటుందో మన బకెట్లే చెబుతాయి.

రాగి, నికెల్ లాంటివి నెగటివ్ ప్లేటు మీద చేరితే గ్యాస్ సులువుగా పుడుతుంది. ఫలితంగా బ్యాటరీ ఇంకా ఎక్కువ నీళ్ళు తాగుతుంది, మీరు ఇంకా ఎక్కువ పోస్తారు. రాగి బిందెలో పట్టిన నీళ్ళు ఆరోగ్యానికి మంచివని అంటారు కదా, బ్యాటరీ ఆరోగ్యానికి మాత్రం కాదు.

ఇంట్లో దొరికే నీళ్ళన్నీ ఒక్కొక్కటిగా

నల్లా నీళ్ళు. నగరానికి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి, గండిపేట, హిమాయత్ సాగర్ నీళ్ళు వస్తాయి. ఏ కాలనీకి ఏ రోజు ఏ నీళ్ళు వస్తాయో మనకు తెలియదు. తాగే నీళ్ళ భారత ప్రమాణం టీడీఎస్ 500 వరకు, క్లోరైడ్ 250 వరకు మంచిదే అంటుంది. ఆ హద్దులు మనుషుల కడుపుకు. బ్యాటరీ నీళ్ళకు ఐఎస్ 1069 అని వేరే ప్రమాణమే ఉంది.

బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు. చర్చ అక్కర్లేదు.

కాచి చల్లార్చిన నీళ్ళు. కాచితే కొంత సున్నం గిన్నెకు అంటుకుంటుంది, అంతే. మిగతావన్నీ నీళ్ళలోనే ఉంటాయి. ఆవిరి పోయిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. మనకు కావలసింది ఆ ఆవిరి, మనం పట్టుకునేది గిన్నెలో మిగిలింది.

ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్ళు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటి ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్ళు తరచుగా 50 నుంచి 100 టీడీఎస్ ఉంటాయి. చాలా మెషీన్లలో రుచి కోసం కొంత ముడి నీరు మళ్ళీ కలిపే స్క్రూ ఉంటుంది, కొన్నిటిలో ఖనిజాలు కలిపే గొట్టం ఉంటుంది. నల్లా నీళ్ళకంటే నయమే, అయినా బ్యాటరీకి చాలదు. 20 లీటర్ల క్యాన్ నీళ్ళదీ, మినరల్ వాటర్ సీసాదీ ఇదే కథ. మినరల్స్ ఉన్నాయని పేరులోనే చెప్పుకుంటున్నాయి కూడా.

ఏసీ నీళ్ళు. దీని మీద మా ఆఫీసులో ఒకసారి భోజనాల దగ్గర గట్టి వాదనే జరిగింది. ఏసీ పైపు నుంచి కారేది గాలిలోని తేమ, అంటే సూత్రప్రకారం డిస్టిల్డ్ వాటర్ లాంటిదే. మీటరు పెడితే తక్కువే చూపిస్తుంది కూడా. కానీ ఆ చుక్క రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా, నెలల తరబడి పేరుకున్న దుమ్ము, జిగురు మీదుగా జారి, డ్రైన్ పైపులోని పాకుడు దాటి వస్తుంది. తక్కువ ఉన్నది ఏమిటో మీటరు చెప్పదు. అది రాగి అయితే కొంచెమైనా ఎక్కువే. నేనైతే ఏసీ నీళ్ళతో నేల తుడుస్తాను, మొక్కలకు పోస్తాను.

వాన నీళ్ళు. డాబా మీది నుంచి పైపులో వచ్చినవి వద్దు. బయట ప్లాస్టిక్ టబ్బు పెట్టి నేరుగా పట్టినా నగరం గాలిలో దుమ్ము, పొగ ఉంటాయి. ఊళ్ళల్లో వెనకటికి ఇలా చేసేవాళ్ళు, కిరాణా కొట్లో బ్యాటరీ వాటర్ దొరకని రోజుల్లో.

మరి ఏది పోయాలి? డిస్టిల్డ్ వాటర్, లేదా డీఎం వాటర్. మొదటిది ఆవిరిని చల్లార్చి పట్టింది. రెండోది రెజిన్ గుండా పంపి ఉప్పులు తీసేసింది. "బ్యాటరీ వాటర్" అని అమ్మే క్యాన్లలో చాలావరకు ఉండేది ఈ రెండోదే. బ్యాటరీకి రెండూ ఒకటే.

కొనేటప్పుడు

పెట్రోల్ బంకులో, పంక్చర్ షాపులో, హార్డ్‌వేర్ కొట్లో, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. 5 లీటర్ల క్యాన్ ధర ఒక చికెన్ బిర్యానీ కంటే తక్కువే. సీలు సరిగా ఉందా, తయారీ తేదీ ఉందా చూడండి. లేబుల్ చదవండి, ఇది మాట వరసకు చెప్పడం లేదు. అదే అరలో అలాంటి క్యాన్‌లోనే బ్యాటరీ యాసిడ్ ఉంటుంది, పక్కన రేడియేటర్ కూలెంట్ ఉంటుంది. కూలెంట్‌కు రంగు ఉంటుంది కాబట్టి తెలిసిపోతుంది, యాసిడ్ నీళ్ళలాగే ఉంటుంది.

బంకులో డ్రమ్ము నుంచి మగ్గుతో ముంచి మీ సీసాలో పోసిస్తే తీసుకోకండి. ఆ డ్రమ్ములోకి ఏం వచ్చిందో, మగ్గు ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరికీ తెలియదు.

ఇంటికి తెచ్చాక రెండు పరీక్షలు. టీడీఎస్ మీటరు ఉంటే ముంచండి. సున్నా నుంచి ఐదు లోపు చూపించాలి, పది దాటితే నేను ఆ కొట్టు మార్చేస్తాను. మీటరు లేకపోతే ఒక శుభ్రమైన స్టీలు పళ్ళెం తీసుకుని, ఒక మూల నల్లా నీళ్ళ చుక్క, ఇంకో మూల కొన్న నీళ్ళ చుక్క వేసి, సన్న మంట మీద ఆరనివ్వండి. అక్క వంటింట్లో ఆ రోజు ఇదే చేసి చూపించాను. నల్లా చుక్క ఆరినచోట తెల్లగా గుండ్రటి ముద్ర మిగిలింది, అంచు దగ్గర ఇంకా దట్టంగా. డిస్టిల్డ్ చుక్క ఉన్న చోటు వెతికినా దొరకలేదు. "గా తెల్లదంతా లోపలికి పోతదా?" అంది అక్క. అప్పటిదాకా నేను చెప్పిన కెమిస్ట్రీ అంతా ఒక ఎత్తు, ఆ ముద్ర ఒక ఎత్తు.

పోసే ముందు

ముందు మీ బ్యాటరీ ఏ రకమో చూడండి. పైన ఆరు మూతలు ఉంటేనే ఈ పని. ఎస్‌ఎంఎఫ్, వీఆర్‌ఎల్‌ఏ అని రాసి ఉన్నవీ, కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే చిన్నవీ సీలు చేసినవి. వాటి పై రేకు పెకిలించి నీళ్ళు పోయమని చెప్పే వీడియోలు చూసి ప్రయత్నించకండి. లిథియం బ్యాటరీకి నీళ్ళతో సంబంధమే లేదు.

బ్యాటరీ నిండా ఛార్జ్ అయ్యాక నీళ్ళు పోయాలి. ఛార్జ్ అవుతున్నప్పుడు లోపలి ద్రవం వేడెక్కి, బుడగలు పట్టి కాస్త పొంగుతుంది. ఖాళీ బ్యాటరీలో అంచుదాకా పోసి ఛార్జింగ్ పెడితే యాసిడ్ మూతల్లోంచి బయటికి కారుతుంది. అలా పోయిన యాసిడ్ తిరిగి రాదు, పైగా టెర్మినళ్ళ మీద చిలుము పడుతుంది, కింద టైల్స్ మచ్చ పడతాయి. ఒక్క మినహాయింపు ఉంది. మట్టం ప్లేట్ల కంటే కిందికి దిగిపోతే, ముందు ప్లేట్లు మునిగేంత మాత్రమే పోసి, ఛార్జ్ చేసి, తర్వాత మిగతాది పోయండి. గాలికి తెరుచుకున్న ప్లేటు గట్టిపడిపోతుంది, ఆ భాగం మళ్ళీ పని చేయడం కష్టం.

వేసుకునే బట్టల సంగతి. పాతవే వేసుకోండి. ఒకసారి కొత్త జీన్స్‌తోనే ఈ పని చేశాను. ఆ రోజు ఏమీ కనిపించలేదు. ఉతికి ఆరేశాక చూస్తే తొడ మీద జల్లెడలా చిల్లులు. చుక్క పడినప్పుడు తెలియదు, ఉతికాకే తెలుస్తుంది. కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ఉంగరం, గాజులు, మెడలో గొలుసు, చేతి కడియం తీసి పక్కన పెట్టండి. రెండు టెర్మినళ్ళ మధ్య లోహం తగిలితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది, దాని కింద మీ వేలు ఉంటుంది.

హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పు రవ్వకు పేలుతుంది. బీడీ, సిగరెట్ సంగతి అందరికీ తెలుసు. మన ఇళ్ళల్లో మరిచిపోయేది అగరుబత్తి, దీపం. పూజ గది పక్క సందులో ఇన్వర్టర్ పెట్టిన ఇళ్ళు నేనే నాలుగైదు చూశాను. మట్టం చూడటానికి అగ్గిపుల్ల వెలిగించే మహానుభావులు ఇంకా ఉన్నారు. టార్చి లైటు వాడండి, దాన్ని కూడా మూత తెరవకముందే ఆన్ చేయండి.

పక్కన ఒక బకెట్ మామూలు నీళ్ళు, గుప్పెడు వంటసోడా ఉంచుకోండి. నల్లా నీళ్ళకు ఇక్కడ పని ఉంది. చర్మం మీద యాసిడ్ పడితే ధారగా కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండి, ఆ తర్వాత నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కంట్లో సోడా వేయకండి, అది నేల మీద, బ్యాటరీ మీద చిందిన యాసిడ్‌కు మాత్రమే.

ఇక పోయడం

1. ఇన్వర్టర్ ప్లగ్గు తీయండి, ముందున్న స్విచ్ కూడా ఆపండి. ప్లగ్గు ఒక్కటే తీస్తే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ నుంచి ఇంటికి 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. కిటికీ తెరిచి అరగంట వదిలేయండి.

2. మూతలు తెరవక ముందే బ్యాటరీ పైభాగం తడి గుడ్డతో తుడవండి. ఈ వరస ముఖ్యం. ముందు తెరిచి తర్వాత తుడిస్తే, ఆర్నెల్ల దుమ్ము నేరుగా సెల్స్‌లోకి పోతుంది. డిస్టిల్డ్ వాటర్ కొన్నదానికి అర్థం లేకుండా పోతుంది.

3. ఒక మూత తీయండి, దాని పని అయ్యాకే ఇంకోటి. ట్యూబ్యులర్ బ్యాటరీ మూతలో తేలే పుల్ల ఉంటుంది. ఎర్ర గీత దాకా దిగితే నీళ్ళు కావాలని, పచ్చ గీత దాకా లేస్తే చాలని గుర్తు. పుల్లను వేలితో ఒకసారి మెల్లగా కదిపి చూడండి. పాతబడ్డాక కొన్నిసార్లు ఇరుక్కుపోయి, నీళ్ళు లేకపోయినా పచ్చ గీత దగ్గరే నిలబడి ఉంటుంది. నాకు పాత బ్యాటరీలో జరిగింది ఇదే. అనుమానం ఉంటే మూత మొత్తం తీసి టార్చితో చూడండి. కారు బ్యాటరీకి డబ్బా పక్కన కింది, పై హద్దు గీతలు ఉంటాయి.

4. ప్లాస్టిక్ గరాటు, ప్లాస్టిక్ మగ్గు వాడండి, రెండూ ముందుగా డిస్టిల్డ్ నీళ్ళతోనే ఒకసారి కడగండి. వంటింటి స్టీలు గరాటు, నూనె గరాటు వద్దు. కొంచెం కొంచెంగా పోస్తూ ఆగండి, పుల్ల లేవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. పచ్చ గీత తాకగానే ఆపేయండి. "ఇంకొంచెం పోస్తే రెండు నెలలు ఎక్కువ వస్తుంది" అనే ఆశ వద్దు.

5. ఏ సెల్‌కు ఎంత పట్టిందో రాసుకోండి. చదవడానికి అతి చేసినట్టుంటుంది గానీ, ఈ కాగితం మెకానిక్ కంటే ముందే జబ్బు చెబుతుంది. ఐదింటికి తలా పావు లీటరు పడుతూ, ఒకదానికి ప్రతిసారీ అర లీటరు పడుతోందంటే ఆ సెల్ వేడెక్కుతోందనో, డబ్బా ఎక్కడో చిట్లిందనో అర్థం. ఒకదానికి అసలే పట్టడం లేదంటే అది షార్ట్ అయి ఛార్జే తీసుకోకపోవచ్చు.

6. మూతలు బిగించి, చిందినది తుడిచి, ఇన్వర్టర్ ఆన్ చేయండి. రెండు మూడు గంటలు ఛార్జ్ అయితే కొత్త నీళ్ళు యాసిడ్‌తో కలుస్తాయి. కలిసేదాకా అవి పైనే తేలుతూ ఉంటాయి, యాసిడ్ బరువు కదా.

యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి. "నీళ్ళతో పాటు కాస్త యాసిడ్ కూడా పోస్తే పవర్ పెరుగుతుంది సార్" అనే మెకానిక్‌లు తగులుతారు. లోపలి యాసిడ్ ఎక్కడికీ పోలేదు. కొత్తగా పోస్తే గాఢత పెరిగి రెండు రోజులు బ్యాటరీ చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, తర్వాత ప్లేట్లు పోతాయి. బ్యాటరీ పక్కకు ఒరిగి యాసిడ్ ఒలికిపోయినప్పుడు మాత్రమే ఆ పని, అదీ కొలిచి చేసేవాళ్ళతో.

హైడ్రోమీటర్ ఉంటే

నీళ్ళతో పోలిస్తే యాసిడ్ ద్రవం ఎంత బరువుందో కొలిచే పరికరం ఇది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బ్యాటరీ సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. రబ్బరు బుడ్డి నొక్కి యాసిడ్ పీలిస్తే లోపల గాజు పుల్ల తేలుతుంది. మన ఇన్వర్టర్ ట్యూబ్యులర్ బ్యాటరీలు నిండా ఛార్జ్ అయినప్పుడు 27 డిగ్రీల దగ్గర 1240 ప్రాంతంలో చూపిస్తాయి, అంటే 1.240. కారు బ్యాటరీ అయితే 1280 దగ్గర. కారు లెక్క పట్టుకుని ఇన్వర్టర్ బ్యాటరీ "వీక్ అయింది" అని కంగారు పడకండి. 1180 దగ్గరుంటే సుమారు సగం దిగినట్టు. మే నెలలో యాసిడ్ 41 డిగ్రీలు ఉంటే రీడింగు ఒక పది పాయింట్లు తక్కువ చూపిస్తుంది, అది వేడి వల్లే.

నీళ్ళు పోసిన వెంటనే కొలవకండి. పైన తేలే నీళ్ళనే పీల్చి 1100 చూపిస్తే టెన్షన్ తప్ప ఏం మిగలదు. ఛార్జింగ్ పూర్తయి, కాస్త విశ్రాంతి ఇచ్చాక కొలవండి. ఆరు సెల్స్ మధ్య తేడా 50 పాయింట్లు దాటితే ఆ తక్కువ సెల్ మీద కన్నేయండి.

నల్లా నీళ్ళు ఇప్పటికే పోసేశారా?

ఒకసారి, ఒక గ్లాసో రెండు గ్లాసులో అయితే ఏం చేయొద్దు. పెద్ద బ్యాటరీలో ద్రవం చాలా లీటర్లు ఉంటుంది, ఆ కొంచెం కలిసిపోతుంది. ఇకనుంచి డిస్టిల్డ్ వాటరే పోయండి. తలకిందులు చేసి వంపేయడం, లోపల నీళ్ళతో కడగడం లాంటివి వద్దు. వంపితే యాసిడ్‌తో పాటు అడుగున ఉన్న మడ్డి కదిలి ప్లేట్ల మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తుంది. సీసం కలిసిన ఆ యాసిడ్ డ్రైనేజీలోకి పోయడం ఇంకా పెద్ద తప్పు.

ఏళ్ళ తరబడి పోశారంటే వెనక్కి తీయడానికి దారి లేదు. ఎలక్ట్రోలైట్ (లోపలి యాసిడ్ ద్రవం) మొత్తం మార్చే పని కొందరు చేస్తారు, కానీ తిన్న జాలీ తిరిగి రాదు. ఆ డబ్బు కొత్త బ్యాటరీకి దాచుకోమనే నా సలహా. పాతది బరువు చూసి షాపువాళ్ళు వెనక్కి తీసుకుంటారు. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. వీధిలో పాత సామాన్లు కొనేవాళ్ళకు ఇవ్వకండి.

అక్క అడిగిన ఇంకో ప్రశ్న: అర్ధరాత్రి అలారం మోగింది, ఇంట్లో డిస్టిల్డ్ వాటర్ లేదు, అప్పుడు? ఇన్వర్టర్ ఆపేసి పడుకోండి. పొద్దున ఎనిమిదికల్లా మీ వీధి పంక్చర్ షాపు తెరుస్తాడు. ఒక్క రాత్రి ఫ్యాన్ లేకుండా పడుకోవడం కష్టమే, ఒప్పుకుంటాను.

నీళ్ళు మరీ త్వరగా అయిపోతుంటే

మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి, మిగతా కాలమంతా రెండు నెలలకోసారి మట్టం చూస్తే చాలు. పాతబడే కొద్దీ బ్యాటరీ ఎక్కువ తాగుతుంది, అది సహజం. ఉన్నట్టుండి దాహం పెరిగితే మాత్రం మల్టీమీటర్ పెట్టండి. నిండాక నిలకడగా ఉండే ఛార్జింగ్ 13.5 నుంచి 13.8 వోల్టులు, గట్టిగా ఛార్జ్ చేసేటప్పుడు 14.4 చుట్టుపక్కల ఉండాలి. 15 దాటి అక్కడే ఉంటే ఇన్వర్టర్‌దే తప్పు. కొన్ని ఇన్వర్టర్ల వెనక బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న స్విచ్ ఉంటుంది. తుడిచేటప్పుడో, జరిపేటప్పుడో అది మారిపోతుంది. మా తమ్ముడింట్లో నెలకు మూడు లీటర్లు తాగిన బ్యాటరీ ఆ స్విచ్ సరిచేశాక మామూలైపోయింది.

టెర్మినళ్ళ మీద పచ్చగా, తెల్లగా చిలుము పడితే మూతలన్నీ గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్ళు బ్రష్షుతో రాయండి. బుసబుస ఆగాక తుడిచి ఆరబెట్టండి. వైరు విప్పాల్సి వస్తే ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివరికి నెగటివ్. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోండి. చివర్లో పల్చగా వాసెలిన్ రాయండి.

మిగిలిన నీళ్ళ క్యాన్ మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టండి. పైన స్కెచ్ పెన్‌తో "బ్యాటరీ నీళ్ళు, తాగొద్దు" అని పెద్దగా రాయండి. అక్క వాళ్ళింట్లో అలా రాయలేదు. మర్నాడు పనమ్మాయి ఆ క్యాన్‌లో సగం తులసి కోటలో పోసేసింది. తులసికి ఏమీ కాలేదు గానీ, అక్క ఇంకో క్యాన్ కొనుక్కోవాల్సి వచ్చింది.